48 గంటలు ఎవరింట్లో ఉన్నాయి?

శుక్రవారం సాయంత్రం మొదలెట్టి ఆదివారం సాయంత్రానికల్లా ఒక కంప్యూటర్ ఆట తయారు చేసెయ్యాలి. దాన్ని గేమ్ జామ్ అంటారు. జామ్ అంటే మనం రొట్టె మీద రాసుకునేది కాదు, ట్రాఫిక్‌లో ఇరుక్కునేదీ కాదు. సంగీతం వాళ్ళు ముందుగా ఏమీ అనుకోకుండా నలుగురూ కూర్చుని అప్పటికప్పుడు వాయించుకోవడాన్ని జామ్ అంటారు, ఆ మాటే ఇటొచ్చింది. వీటి గురించి ఎక్కడ చదివినా ఒకటే పాట. ఎవరైనా రావచ్చు, డిగ్రీ అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, 48 గంటలుంటే చాలు.

ఆ చివరి మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఉంటే చాలట! బంగారం ఉంటే చాలు వడ్డాణం చేయించుకోవచ్చు అన్నట్టుంది.

ఆ 48 గంటల్లో మామూలు ఇంట్లో ఏం జరుగుతుందో ఒకసారి లెక్కెయ్యండి. శుక్రవారం రాత్రి భోజనాలు. శనివారం మూడు పూటలు. ఆదివారం టిఫిను, దాని వెనకాలే ఆదివారం కదా అని కాస్త ఘనంగా మధ్యాహ్నం వంట. సోమవారానికి ఇడ్లీ పిండి. యూనిఫారాలు ఉతుకు, ఆరెయ్యి, ఇస్త్రీకి వెయ్యి. పెద్దవాళ్ళ బీపీ మాత్ర. పనమ్మాయి రాకపోతే గిన్నెలు. ఇవేవీ ఆగవు. జామ్‌లో కూర్చున్న కుర్రాడింట్లోనూ ఆగవు. అక్కడా పప్పు ఉడుకుతుంది, అక్కడా బట్టలు ఆరతాయి. వాడు తలుపేసుకుని కూర్చున్న గదిలోకి వేళకి కంచం వెళ్తుంది. రాత్రి రెండింటికి "ఇంకా పడుకోలేదేంట్రా" అంటూ పాలో, బ్రెడ్డో వెళ్తుంది. సోమవారం పొద్దున్న వాడు రెండ్రోజుల్లో ఒక్కణ్ణే ఆట చేశానని అందరికీ చెప్పుకుంటాడు. ఒక్కడే! వాళ్ళమ్మ గంటలు ఎవరి ఖాతాలో వేశారో?

కుర్రాళ్ళ మీద నాకేం కోపం లేదు. చెయ్యనీ, బాగుపడనీ. 48 గంటలు ఏకధాటిగా దొరకడం అనే సంపదని "ఏమీ అక్కర్లేదు" అనే ఖాతాలో రాయడం మీదే నా కోపం.

ఇదంతా నీకెందుకమ్మా, నువ్వు పచ్చళ్ళ గురించి, పిల్లల చదువుల గురించి రాసుకునే దానివి కదా అంటారేమో. నాకెందుకంటే, నేను చెయ్యాలనుకున్న ఆటలు ఈ జామ్‌ల దగ్గర కూడా ఇప్పుడు పుడుతున్నాయి. పాతకాలపు పాయింట్ అండ్ క్లిక్ ఆటలు. తెలియనివాళ్ళకి చెప్తాను. తెరమీద ఒక బొమ్మ ఉంటుంది, ఒక కోటో, అడవో, మంత్రగాడి గుహో. అందులో మీ మనిషి ఉంటుంది. మౌస్‌తో తలుపు మీద నొక్కితే తలుపు దాకా నడుస్తుంది, చెట్టు మీద నొక్కితే చెట్టు గురించి ఏదో అంటుంది, కింద పడున్న తాడు మీద నొక్కితే తీసుకుని సంచిలో వేసుకుంటుంది. తర్వాతెప్పుడో బావి దగ్గర ఆ తాడు పనికొస్తుంది. కాల్చడం లేదు, పరిగెత్తడం లేదు, చేతివేగంతో పని లేదు. ఆలోచించడం, వెతకడం, మాట్లాడించడం, అంతే. పాతాళభైరవి చూసినవాళ్ళకి ఇందులో కొత్తేముంది? ఏ వస్తువు ఎక్కడుందో, దాన్ని ఎవరి దగ్గర వాడితే ఏ తలుపు తెరుచుకుంటుందో, అదే కదా మన జానపద కథంతా. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణం చిలకలో ఉందని తెలుసుకోవడం, ఆ చిలకని చేరుకోవడం, ఇంతకంటే మంచి పజిల్ ఎవరు చెప్పారు?

సరే. ఈ ఆటల పుట్టుక ఎక్కడో చూడండి, నా కోపం మీకే అర్థమవుతుంది.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో మామత్ గుహలని ఉన్నాయి, ప్రపంచంలోకెల్లా పొడవైనవి. 1972లో పక్కనున్న ఫ్లింట్ రిడ్జ్ గుహలకీ వీటికీ లోపల్నుంచి దారి ఉందని కనిపెట్టిన బృందంలో ప్యాట్రీషియా క్రౌథర్ అనే ఆవిడ ఉంది. సన్నటి ఇరుకులోంచి దూరి అవతలికి వెళ్ళిన మనిషి. ఆవిడ భర్త విల్ క్రౌథర్ ప్రోగ్రామర్, తనూ గుహలు తిరిగినవాడే. కొన్నాళ్ళకి ఇద్దరూ విడిపోయారు. దూరమైన ఇద్దరు కూతుళ్ళకీ సరదాగా ఉంటుందని 1975, 76 ప్రాంతంలో ఆయన ఆ గుహల్నే తీసుకుని, వాటిలో నిధులూ మరుగుజ్జులూ కల్పించి, మాటలతోనే నడిచే ఒక ఆట రాశాడు. బొమ్మలు లేవు, చదువుకోవడమే. డాన్ వుడ్స్ అనే ఇంకొకాయన 1977లో దాన్ని పెంచాడు. ఈ జాతి ఆటలన్నిటికీ అదే మూలపుటమ్మ. పేరు మాత్రం ఇద్దరు నాయన్లది.

ఆ ఆట ఇద్దరు చిన్నపిల్లల తల్లి అయిన ఒక ఇల్లాలి కంటపడింది. రోబర్టా విలియమ్స్. పట్టుకుంటే వదల్లేదట. అయిపోయాక ఇలాంటివి ఇంకా కావాలని వెతికితే లేవు. లేకపోతే నేనే రాస్తానని వంటింటి బల్ల మీద కాయితాలు పరుచుకుని కూర్చుంది. కొన్ని వారాలు రాసింది. మాటలొక్కటే చాలవు, బొమ్మ కూడా ఉండాలంది. భర్త కెన్ ఆపిల్ టూ మీద ప్రోగ్రాం రాశాడు, ఈవిడ డెబ్భై దాకా గీతల బొమ్మలు వేసింది. 1980లో మిస్టరీ హౌస్ అని అమ్మారు, జిప్ సంచుల్లో పెట్టి. వేలల్లో అమ్ముడుపోయింది. అదే ఏడు విజార్డ్ అండ్ ద ప్రిన్సెస్ అని రంగుల్లో ఒక మాయల కథ. 1984లో కింగ్స్ క్వెస్ట్. 1988లో దాని నాలుగో భాగంలో రాజకుమారి రొజెల్లానే నాయిక, తండ్రిని బతికించుకోవడానికి బయల్దేరేది ఆ పిల్లే. 1990లో అయిదో భాగానికి టైపు చెయ్యడం పోయి మౌస్‌తో నొక్కడం వచ్చింది. మనం ఇప్పుడు పాతకాలపు ఫాంటసీ పాయింట్ అండ్ క్లిక్ అని ముద్దుగా పిలుచుకునేది అప్పటి ఆ రూపాన్నే.

రోబర్టా ఒక్కతే కాదు. క్వెస్ట్ ఫర్ గ్లోరీ చేసినవాళ్ళలో లోరీ కోల్ ఉంది, భర్తతో కలిసి చేసింది. 1993లో గేబ్రియల్ నైట్ రాసింది జేన్ జెన్సెన్. మార్టినిక్ దీవికి చెందిన మ్యూరియెల్ ట్రామిస్ 1987లోనే తన దీవి కథలతో, అక్కడి బానిసత్వపు చరిత్రతో మెవిలో అనే ఆట చేసింది. 2018లో ఫ్రాన్సు ఆవిడకి లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. ఇంతమంది ఆడవాళ్ళు మొదట్నుంచీ ఉన్న కళ ఇది. ఎవరూ తాళం చెవి ఇస్తే లోపలికొచ్చినవాళ్ళు కారు, ఇంటికి పునాది తవ్వినవాళ్ళు. ఇప్పుడు ఆ ఇంటి గుమ్మం ముందు 48 గంటలని బోర్డు కట్టి, ఎవరైనా రావచ్చని పిలుస్తున్నారు.

ఈ గంటల లెక్క ఎక్కడ్నుంచి వచ్చిందంటే, 2002లో లూడమ్ డేర్ అని ఇంటర్నెట్‌లో ఒకటి మొదలైంది. 48 గంటల పోటీ అంటే దానికే పేరు. 2009లో గ్లోబల్ గేమ్ జామ్ అని ఒకటి వచ్చింది, అప్పట్లో ప్రపంచమంతా ఒకే వారాంతంలో చేసేవారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే, కాదనను. ఏళ్ళ తరబడి ఒకే ఆట మీద ఏడ్చి పూర్తి చెయ్యలేకపోయేవాళ్ళకి ఒక గడువు పెడితే ఏదో ఒకటి పూర్తవుతుంది. కానీ గెంతే బంతి ఆటకీ పేలే బుడగ ఆటకీ సరిపోయే గడువుని తెచ్చి కథ చెప్పే ఆట మెడకి కడితే ఏమవుతుంది?

ఏమవుతుందో లెక్కతో చెప్తాను. ఆటలో సంచిలోకి వచ్చే వస్తువులు ఎనిమిది అనుకోండి. తెరమీద నొక్కదగ్గ చోట్లు, అంటే చెట్టు, బావి, ఆవు, పొయ్యి, ఇలాంటివి ముప్పై. ఆడేవాళ్ళు ఏ వస్తువునైనా ఏ చోటైనా వాడి చూస్తారు. ఎనిమిది ముప్పైలు 240. అందులో కథ ముందుకు నడిపేవి పదో పన్నెండో. మిగతా 228 చోట్ల ఏం జరగాలి? 48 గంటల జామ్‌లో అన్నిటికీ ఒకటే జవాబు రాస్తారు, "అది పనికిరాదు" అని. రాయక ఏం చేస్తారు పాపం, టైం ఏదీ? కానీ ఈ ఆటల రుచంతా ఆ 228లోనే ఉంటుంది. పనికిరాని పని చేసినప్పుడు ఆట మీతో ఏమంటుందో, అదే దాని గొంతు. మేం చేసిన ఆటలో అవ్వ ఉంటుంది. ఆవు మీద చాట వాడితే, "దానికేం ఉక్కపోత లేదు, విసరక్కర్లేదు" అంటుంది. చేప మీద బెల్లం వాడితే, "బెల్లం వేసి పులుసు పెట్టడం మా అత్తారింటి అలవాటు, నేను ఛస్తే పెట్టను" అంటుంది. ఇలాంటివి 170 దాకా రాశాం. ఒక్కటి కూడా కంప్యూటర్ ముందు కూర్చుని తట్టలేదు. బెండకాయలు తరుగుతున్నప్పుడు, బస్టాండులో నిలబడ్డప్పుడు, అన్నం వార్చేటప్పుడు తట్టాయి. తట్టడానికి రోజులు పట్టింది. రెండ్రోజుల్లో అయితే తట్టవు, ఎంత తెలివైనవాళ్ళకైనా.

చేశామన్నాను కాబట్టి చెప్తాను. నెల రోజుల గడువున్న జామ్ ఒకటి దొరికింది. నేను, మా తోడికోడలు, ఎదురింట్లో డిగ్రీ చదివే అమ్మాయి. ప్రోగ్రాం రాతకి ఆ అమ్మాయి, బొమ్మలు సగం మా తోడికోడలు సగం నేను, కథా మాటలూ పజిళ్ళూ నావి. అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే సాధనం వాడాం. క్రిస్ జోన్స్ అనే ఆయన 1997లో మొదలుపెట్టింది, పైసా ఇవ్వక్కర్లేదు, సరిగ్గా ఈ రకం ఆటల కోసమే పుట్టింది. ఒక్కో దృశ్యాన్నీ గది అంటారు. గది బొమ్మ పెట్టి, మనిషి నడవగలిగే నేల మీద ఒక రంగు పూస్తాం. మనిషికి అడ్డొచ్చే చెట్టూ స్తంభం లాంటివాటికి ఇంకో రంగు, వాటి వెనక్కి వెళ్తే మనిషి మరుగున పడాలి కదా. నొక్కే చోట్లకి వేరే రంగు. పిల్లల రంగుల పుస్తకంకంటే కష్టమేమీ కాదు. ఆ తర్వాత రాత మొదలవుతుంది, అక్కడే అసలు తల నెప్పి, అది ఆ అమ్మాయి పడింది.

తెర 320 చుక్కల అడ్డం, 200 చుక్కల నిలువు, రంగులు పదహారే, అప్పటి యంత్రాల్లాగా. దీన్ని చూసి మా బంధువొకావిడ "ముగ్గులాగే కదా, మన సంప్రదాయమే" అని మురిసిపోయింది. కాదండీ. ముగ్గులో చుక్క ఆనవాలు మాత్రమే, గీత చుక్కల మధ్యనుంచో చుట్టూ తిరిగో పోతుంది. ఇక్కడ చుక్కే బొమ్మ. దీనికి దగ్గరిది గళ్ళ గుడ్డ మీద వేసే క్రాస్ కుట్టు. గళ్ళ కాయితం మీద చిలక బొమ్మ వేసుకుని లెక్కపెట్టి కుట్టినవాళ్ళెవరైనా ఈ పని చెయ్యగలరు. ప్రతిదాన్నీ సంప్రదాయానికి తగిలిస్తే గానీ ఆడవాళ్ళు చేసే పనికి గౌరవం రాదనుకోవడం కూడా నాకు నచ్చదు, అది వేరే సంగతి. ఇంకోటి, ఆ పాత తెరల్లో ఒక్కో అక్షరానికి ఎనిమిది చుక్కల ఎత్తే జాగా. ఇంగ్లీషు అక్షరం సుఖంగా పడుకుంటుంది. తెలుగుకి పైన గుడి, కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు. "స్త్రీ" అని రాయాలంటే ఎనిమిది చుక్కలు చాలవు. నిజంగా చాల్లేదు. మాటల్ని కూడా బొమ్మల్లాగే గీసి పెట్టాల్సొచ్చింది.

కథ ఏడు చేపల కథే. ఎందుకంటే దానికి మించిన పజిల్ గొలుసు ప్రపంచంలో లేదని నా నమ్మకం. చేప ఎండలేదు, గడ్డిమోపు అడ్డం. గడ్డిమోపు తొలగలేదు, ఆవు మెయ్యలేదు. ఆవు మెయ్యలేదు, పిల్లాడు మేపలేదు. వాడికి అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వ ఎందుకు పెట్టలేదు? పాప ఏడ్చింది. పాపని చీమ కుట్టింది. ఈ ఆటలు చేసేవాళ్ళు కథని సరిగ్గా ఇలాగే వెనకనుంచి కడతారు. చివర ఏ తలుపు తెరవాలి, దానికేం కావాలి, అది దొరకాలంటే ముందు ఏం జరగాలి, అని కొసనుంచి మొదటికి. మనం నాలుగేళ్ళ వయసులో అన్నం ముద్దలతో పాటు మింగిందే.

ఆ కథలో నాకు చిన్నప్పుడు కనపడనిదొకటి ఇప్పుడు కనిపిస్తుంది. ఊరంతా పని ఆగిపోయింది ఎక్కడ? అవ్వ దగ్గర. పాప ఏడ్చింది, అవ్వ చెయ్యి ఖాళీ లేదు, బువ్వ ఆలస్యం. అక్కణ్ణుంచి రాజకుమారుల చేప దాకా ఒకటొకటిగా కూలింది. ఆవిడ చెయ్యి ఆడినన్నాళ్ళూ కథే లేదు. ఆడనప్పుడు మాత్రం అందరూ వరసగా వచ్చి ఎందుకు పెట్టలేదని అడుగుతారు. అందుకే మా ఆటలో ఆడేవాళ్ళు అవ్వే అవ్వాలని పట్టుబట్టాను. చీమల పుట్ట మా ఆటలో బంగారు కోట, లోపల రాణి ఉంటుంది. అవ్వ బెల్లమూ నూకలూ పట్టుకుని చిన్నదైపోయి ఆ కోటలోకి వెళ్ళాలి.

ఇక గంటలు. వంటింట్లో వేలాడే క్యాలెండర్ మీద, పాల లెక్క పక్కనే, రోజూ ఎంతసేపు కూర్చున్నానో రాశాను. నెల చివర కూడితే నావి 43 గంటలు. 43! అంటే 48 కంటే తక్కువే. గంటలు నా దగ్గర లేకపోలేదన్నమాట. అవన్నీ ఒక్క చోట లేవు, అంతే. ఒక్క బైఠకులో ఎక్కువసేపు కూర్చున్నది గంటా యాభై నిమిషాలు, అదీ ఇంట్లో అందరూ పెళ్ళి భోజనానికి వెళ్ళి నేను తలనొప్పని ఆగిపోయిన రాత్రి. ఎక్కువసార్లు నలభై నిమిషాలు. కొన్నిసార్లు పదిహేను. మళ్ళీ కూర్చున్న ప్రతిసారీ ఎక్కడ ఆపానో గుర్తు తెచ్చుకోవడానికే పది నిమిషాలు పోయేది. అంటే ముక్కలైన గంట నిండు గంటకంటే పలచన. అయినా ఆట పూర్తయింది. ఆరు గదులు, ఎనిమిది వస్తువులు, ఆడితే ముప్పావుగంట.

ఇప్పుడు నాకు వినపడుతున్న అభ్యంతరాలకి వస్తాను.

రెండ్రోజులు మీ ఆయన చూసుకోలేడా అంటారు, ముఖ్యంగా పెళ్ళికాని అమ్మాయిలు. చూసుకోగలడు. చూసుకోవాలి కూడా. చూసుకునే ఇళ్ళున్నాయి, సంతోషం. కానీ చాలా ఇళ్ళలో ఆ రెండ్రోజులు ఉపకారం కింద జమవుతాయి, ఏడాది పొడుగునా వడ్డీ కట్టాలి. "ఆ రోజు నీ కంప్యూటర్ పని ఉందని నేనే వండాను కదా" అనే మాట ఎన్ని పండగల దాకా వినపడుతుందో మీకు తెలుసు. భర్త లేని ఇళ్ళున్నాయి. ఆయన గల్ఫులో ఉన్న ఇళ్ళున్నాయి. ఆవిడే నైట్ డ్యూటీ నర్సయిన ఇళ్ళున్నాయి. అందరికీ తెరిచిన తలుపని చెప్పుకునేది ఒక మొగుడి మంచితనం మీద ఆధారపడకూడదు.

నాకు తెలిసినావిడ ఒకరు తమ ఊళ్ళో ఒక కాలేజీలో జరిగిన జామ్‌కి వెళ్దామని అడిగితే, పిల్లల్ని తీసుకురాకూడదన్నారట, రాత్రంతా ఉండాలన్నారట, పడుకోవడానికి ఆడవాళ్ళకి వేరే గది ఉందా అంటే ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నారట. అడగలేదు కాబట్టి లేదు. లేదు కాబట్టి ఎవరూ రారు. రారు కాబట్టి ఎవరూ అడగరు. ఏడు చేపల కథ వీళ్ళకి ఎవరైనా చెప్తే బాగుండు.

నెల రోజులిస్తే ఎవరూ పూర్తి చెయ్యరు, ఒత్తిడి ఉంటేనే పని జరుగుతుంది అంటారు. మొదటి మాటలో నిజముంది, నెల జామ్‌లలో రెండో వారానికే మానేసేవాళ్ళు ఉంటారు. కానీ నెల కూడా గడువే. ముప్పయ్యో తారీకు రాత్రి పన్నెండు కూడా పన్నెండే. ఇక ఒత్తిడి సంగతి, పొద్దున్న ఏడూ ఇరవైకి స్కూలు బస్సొచ్చే ఇంట్లో బతికేదానికి ఒత్తిడి గురించి పాఠం చెప్పక్కర్లేదు. నిద్ర మానడం గొప్ప అని చెప్పుకునే అలవాటు కూడా నాకు రోత. చంటిపిల్లల తల్లులు ఏళ్ళకి ఏళ్ళు నిద్ర మానారు, ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

దీనికి పూర్తిగా అటు చివర జూలియా మినమాటా అనే కెనడా చిత్రకారిణి ఉంది. ఇదే ఉచిత సాధనంతో, ఇలాంటి పదహారు రంగుల బొమ్మలతోనే, రోబర్టా విలియమ్స్ పాత పరిశోధన ఆటల దారిలో క్రిమ్సన్ డైమండ్ అనే ఆట చేసింది. ఏళ్ళు పట్టింది, 2024లో బయటికొచ్చింది. అందరూ ఏళ్ళు కూర్చోవాలని కాదు. ఈ కళకి తగిన కొలత గంటలు కాదంటున్నాను.

ఇంకో మాట ఉంది, అది తేనె పూసి వస్తుంది. "ఆడవాళ్ళకి మల్టీటాస్కింగ్ పుట్టుకతో వస్తుందండీ, ఒక చేత్తో పప్పు కలుపుతూ ఇంకో చేత్తో గేమ్ చేసేస్తారు." దయచేసి ఈ పొగడ్త వద్దు. ఇది పొగిడేవాడు తన చేతులు ఖాళీగా ఉంచుకోవడానికి కనిపెట్టిన మాట. పుట్టుకతో ఏదీ రాలేదు. పప్పు మాడింది, కోడ్ చెడింది, రెండూ జరిగాయి, మళ్ళీ చేశాం. ముక్కల్లో పని చెయ్యడం మన ప్రతిభ కాదు, మనకి మిగిలింది అదే.

కాకపోతే ముక్కల్లో చేసేవాళ్ళకి ముక్కల్లో ఆడేవాళ్ళ బాధ తెలుస్తుంది, అది మాత్రం నిజం. రోబర్టా అంటే నాకు ప్రాణమే గానీ ఆవిడ ఆటల్లో ఒక దుర్మార్గం ఉంది. కింగ్స్ క్వెస్ట్ అయిదో భాగంలో కస్టర్డ్ పై ఒకటి దొరుకుతుంది. ఆకలేసి తినేశారో, అయిపోయింది. చాలాసేపటి తర్వాత మంచు కొండల్లో యతి మీదికొస్తుంది, దాని మొహాన కొట్టడానికి ఆ పై కావాలి, లేదు. ఎక్కడ పొరపాటు జరిగిందో ఆట చెప్పదు. వెనక్కెళ్ళి పాత చోటునుంచి ఆడాలి. మంకీ ఐలాండ్ చేసిన రాన్ గిల్బర్ట్ 1989లోనే ఇలాంటివి తప్పని ఒక వ్యాసం రాశాడు. ఆటలో దారి మూసుకుపోకూడదన్నాడు. నేను ఆయన పక్షం. మా ఆటలో ఏ తప్పు చేసినా దారి మూసుకుపోదు. పైగా నాలుగు రోజుల తర్వాత తెరిస్తే అవ్వ ముందు "ఎందాకా వచ్చామంటే..." అని రెండు ముక్కల్లో గుర్తుచేస్తుంది. ఎందుకంటే మా ఆట ఆడే ఆవిడ కుక్కర్ మూడో కూత వెయ్యగానే లేచిపోతుందని మాకు తెలుసు. రెండ్రోజులు లేవకుండా కూర్చోగలిగేవాళ్ళే ఆటలు చేస్తే, లేవకుండా కూర్చోగలిగేవాళ్ళకే ఆటలొస్తాయి. నా గొడవలో అసలు ముల్లు ఇదే.

ఇక చివరిది, ఇంటి మాట. దీనివల్ల ఏమొస్తుంది? డబ్బొస్తుందా? రాదు, చాలామందికి రాదు. మాకూ రాలేదు. కానీ ఒకటి గమనించారా, రాత్రి ఏడు నుంచి పదింటి దాకా సీరియళ్ళు చూస్తే ఏమొస్తుందని ఎవరూ అడగరు. ఫోన్లో రీల్స్ చూస్తూ గంట గడిపితే అడగరు. ఆడది ఖర్చు చేసే కాలానికి లెక్క అడగనివాళ్ళు ఆవిడ ఏదైనా తయారు చేసే కాలానికి మాత్రం బ్యాలెన్స్ షీటు అడుగుతారు. ఈ ప్రశ్న మగవాళ్ళకంటే మన ఆడవాళ్ళే ఎక్కువ అడిగారు నన్ను. "పిల్లల్ని చదివించుకోక ఈ వయసులో ఆటలేంటి" అన్న ఆవిడకి నా వయసెంతో తెలుసు, మా పిల్లాడు ఆ అవ్వ బొమ్మకి నడక నేర్పడం కోసం మా అత్తగారిని వరండాలో అటూ ఇటూ నడిపించి ఎనిమిది ఫొటోలు తీశాడని తెలియదు. మా అత్తగారు ఇప్పటికీ ఆ నడక తనది కాదంటారు, తను అంత వంగి నడవరట.

జామ్‌లు పెట్టేవాళ్ళని అడిగేది పెద్దదేం కాదు. గడువు రెండు వారాలో నెలో పెట్టండి. 48 గంటలే ముద్దనుకుంటే ఆ 48 గంటలు నెలలో ఎప్పుడైనా ముక్కలుగా వాడుకోనివ్వండి, లెక్క మేమే రాసుకుంటాం, క్యాలెండర్లున్నాయి. కాలేజీల్లో పెడితే పిల్లలకొక గది, ఆడవాళ్ళు పడుకోవడానికొక గది. నిద్ర మానినవాళ్ళ ఫొటోలు గోడకెక్కించడం ఆపండి.

వాళ్ళు వినేలోగా మనమే ఒకటి పెట్టుకుందామని మా ముగ్గురి ఆలోచన. వేసవి సెలవుల్లో కాదు, దసరాకి కాదు. సెలవులంటే వాళ్ళకి, మనకి రెండింతల చాకిరీ. బడులు తెరిచి, పుస్తకాలకి అట్టలేసి, కొత్త మామిడికాయ జాడీల్లోకి చేరాక, జూన్ నాలుగో వారం నుంచి జులై నాలుగో వారం దాకా. గదులు మూడు చాలు. కథ మీ అమ్మమ్మ చెప్పింది ఏదైనా సరే, మాయ ఉండాలి. పాత లాప్‌టాప్ చాలు, లేకపోతే ఉన్నావిడతో జట్టు కట్టండి. బొమ్మలు రానివాళ్ళు గళ్ళ కాయితం కొనుక్కోండి. మాటలు రాసేవాళ్ళు వంటింట్లో పొయ్యికి అందనంత దూరంలో ఒక చిన్న నోటుపుస్తకం, తాడుతో కట్టిన పెన్సిలూ పెట్టుకోండి, తాడు లేకపోతే పిల్లలు పట్టుకుపోతారు. పేరిచ్చేటప్పుడు వయసూ చదువూ రాయక్కర్లేదు. రోజులో మీకు దొరికే అరగంట ఏ వేళో మాత్రం రాయండి, అదే వేళ దొరికేవాళ్ళని ఒక జట్టులో వేస్తాం. నాది మధ్యాహ్నం రెండున్నర నుంచి.